పిడ్జిన్ (సాఫ్టువేరు)

పిడ్జిన్ అనేది వేర్వేరు సందేశ వ్యవస్థలలో ఉన్న ఖాతాలన్నింటినీ ఒకే చోటి నుండి వాడుకొనుటకు వీలు కల్పించే స్వేచ్ఛా సాఫ్టువేరు. దీనిని మొదట గెయిమ్ అని పిలిచేవారు. 2007లో ప్రస్తుత నామం వచ్చినది. ఇది ప్రధానంగా సీ భాషలో వ్రాయబడి, గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద విడుదలవుతున్నది. కనుక ఎవరైనను దీనిని ఉచితంగా పొందవచ్చును, లోపలి సోర్సుకోడును చదువవచ్చును, మార్చి ఇతరులకు పంచవచ్చును. లినక్సు, విండోస్ వంటి వ్యవస్థలపై ఇది పనిచేస్తుంది. అభివృద్ధి దృష్ట్యా నేడు ఇది రెండు శాఖలుగా ఉన్నది: భద్రతా సవరణలకు పరిమితమైన 2వ తరం, ప్రయోగాత్మక దశలో ఉన్న 3వ తరం.

నేపథ్యం

తక్షణ సందేశ సేవలు 1990 దశకం రెండవ సగంలో వ్యాప్తి చెందాయి. 1996లో ఐసీక్యూ, 1997లో ఏఓఎల్ సంస్థ వారి ఎయిమ్, ఆ తరువాత యాహూ మెసెంజరు, ఎమ్‌ఎస్‌ఎన్ మెసెంజరు వచ్చాయి. వీటిలో ప్రతి ఒక్కటీ తన సొంత ప్రోటోకాలును వాడేది. రెండు కంప్యూటర్లు పరస్పరం సంభాషించుటకు ముందుగా ఏర్పరచుకొన్న నియమాల సముదాయమే ప్రోటోకాలు. ప్రోటోకాళ్ళు వేరైనందున యాహూ ఖాతా ఉన్నవారు ఎమ్‌ఎస్‌ఎన్ ఖాతా ఉన్నవారికి సందేశం పంపగల అవకాశం చాలాకాలం లేదు. ఈ-మెయిలులో ఇటువంటి ఇబ్బంది లేదు, ఏ సంస్థ ఖాతా నుండి ఏ సంస్థ ఖాతాకైనా ఉత్తరం చేరుతుంది.

దీనివలన మిత్రులు నాలుగు సేవలలో ఉంటే నాలుగు ప్రోగ్రాములను ఒకేసారి తెరచి ఉంచవలసి వచ్చేది. కంప్యూటరు జ్ఞాపకశక్తి తక్కువగా ఉన్న ఆ రోజులలో అది భారమే. పైగా ఆ సేవల అధికారిక ప్రోగ్రాములు ఎక్కువగా విండోస్ కొరకే తయారయ్యేవి, లినక్సు వాడుకరులను పెద్దగా పట్టించుకొనేవి కావు. ఈ రెండు లోటులను తీర్చుటకే బహుళ ప్రోటోకాల్ ప్రోగ్రాములు పుట్టాయి.

చరిత్ర

అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న మార్క్ స్పెన్సర్ 1998 చివరలో లినక్సుపై ఎయిమ్ సేవను వాడుకొనుటకు ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశాడు. తెరపై బొత్తాములు, పెట్టెలు గీయుటకు జీటీకే అనే ఉపకరణాన్ని వాడినందున దానికి 'జీటీకే ఏఓఎల్ ఇన్‌స్టంట్ మెసెంజర్' అని పేరు పెట్టాడు. దాని పొడి అక్షరాలే గెయిమ్. ఇదే స్పెన్సర్ తరువాత ఆస్టరిస్క్ అనే టెలిఫోను సాఫ్టువేరు ద్వారా ప్రసిద్ధుడయ్యాడు. గెయిమ్ బాధ్యత క్రమంగా ఇతర స్వచ్ఛంద కార్యకర్తల చేతికి వచ్చినది.

ఏఓఎల్ తాను ప్రకటించిన టీఓసీ అనే సరళమైన ప్రోటోకాలును గెయిమ్ మొదట ఉపయోగించుకొన్నది. ఆస్కార్ అనబడే అసలు ప్రోటోకాలు వివరాలను మాత్రం ఆ సంస్థ గోప్యంగా ఉంచినది. తీగల వెంట పోయే సమాచారాన్ని గమనించి, దాని నియమాలను ఊహించి, సరిచూసుకొని కార్యకర్తలు దానిని కూడా సాధించారు. యాహూ, ఎమ్‌ఎస్‌ఎన్ వ్యవస్థల విషయంలోను ఇదే పద్ధతి అనుసరించారు. సంస్థలు తమ ప్రోటోకాలును మార్చినప్పుడల్లా గెయిమ్ వాడుకరులకు సేవ ఆగిపోవడం, కార్యకర్తలు కొత్త నియమాలను కనుగొని సవరణ విడుదల చేయడం ఏళ్ళ తరబడి సాగినది. ఉదాహరణకు 2009 జూన్‌లో వచ్చిన 2.5.7 కూర్పు యాహూ కొత్త ప్రోటోకాలుకు అనుగుణంగా విడుదలైనదే.

నామాంతరం

'ఎయిమ్' అనునది ఏఓఎల్ సంస్థ వాణిజ్య చిహ్నం. గెయిమ్ అనే పేరులో అది కలిసి ఉన్నందున ఆ సంస్థ అభ్యంతరం తెలిపినది. సుదీర్ఘమైన చర్చల పిమ్మట 2007 ఏప్రిల్‌లో పరిష్కారం కుదిరి, ప్రోగ్రాముకు పిడ్జిన్ అని, దాని అంతర్భాగమైన లైబ్రరీకి లిబ్‌పర్పుల్ అని, అక్షరాల తెరపై మాత్రమే పనిచేసే రూపానికి ఫించ్ అని నామకరణం జరిగినది. కొత్త పేరుతో 2.0.0 కూర్పు 2007 మే 3న వెలువడినది. ప్రాజెక్టు తరపున చట్టపరమైన వ్యవహారాలు చూచుటకు ఇన్‌స్టంట్ మెసేజింగ్ ఫ్రీడమ్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉన్నది.

భాషాశాస్త్రంలో పిడ్జిన్ అనగా ఉమ్మడి భాష లేని రెండు జనసమూహాలు వ్యాపారాది అవసరాల కొరకు కల్పించుకొన్న సరళమైన మిశ్రభాష. వేర్వేరు ప్రోటోకాళ్ళ మధ్య నిలిచే ప్రోగ్రాముకు ఈ పేరు తగియున్నది. మహారాష్ట్ర సరిహద్దుకు చేరువలో ఉన్న బోధన్ అంగడిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవారు ఒకరి మాటలు ఒకరు అరువు తెచ్చుకొని బేరం కుదుర్చుకొనడం నిత్యం కనిపించే దృశ్యం. శాస్త్ర నిర్వచనం ప్రకారం దీనిని పిడ్జిన్ అనలేము గాని, పేరు వెనుక ఉన్న భావన గ్రహించుటకు మంచి ఉదాహరణ. ఆంగ్లంలో పావురాన్ని తెలిపే పదం కూడ ఇదే ధ్వనితో ఉండడం వలన ప్రాజెక్టు చిహ్నంగా ఊదారంగు పక్షిని స్వీకరించారు. ఫించ్ కూడ ఒక పిట్ట పేరే.

నిర్మాణం

పిడ్జిన్‌లో రెండు పొరలు ఉన్నాయి. పై పొర వాడుకరికి కనిపించేది: మిత్రుల జాబితా, సంభాషణ విండో, అమరికలు. దీనికి జీటీకే ఆధారం. క్రింది పొర లిబ్‌పర్పుల్. సేవాకేంద్రంతో సంబంధం ఏర్పరచుట, సందేశాలను పంపుట, స్వీకరించుట దీని పని. ప్రతి ప్రోటోకాలుకు ఒక ప్లగిన్ ఉంటుంది. విద్యుత్ పరికరాన్ని గోడలోని సాకెట్టులో పెట్టి తీసినట్లు ప్లగిన్‌ను ప్రోగ్రాముకు చేర్చవచ్చును, తొలగించవచ్చును. ప్రోటోకాల్ ప్లగిన్ అనే మాటకు కార్యకర్తలు వాడిన నాలుగు హల్లుల పొడి రూపమే 'పర్పుల్' అనే ఉచ్చారణకు మూలం.

ఈ విభజన వలన క్రింది పొరను ఇతరులు కూడ వాడుకొన్నారు. మాక్ కంప్యూటర్లకై వచ్చిన ఏడియమ్, బ్రౌజరులోనే సందేశాలు పంపుకొనే మీబో, మొజిల్లా సాంకేతికతపై నిర్మించిన ఇన్‌స్టంట్‌బర్డ్ లిబ్‌పర్పుల్ ఆధారంగా పనిచేసినవే. మీబోను 2012లో గూగుల్ కొనుగోలు చేసి మూసివేసినది. ఇన్‌స్టంట్‌బర్డ్ అభివృద్ధి 2017లో ఆగిపోయినది.

2.14 కూర్పుల తోడుగా వచ్చే ప్రోటోకాళ్ళలో ఎక్స్‌ఎమ్‌పీపీ, ఐఆర్‌సీ, బాంజూర్, గాడు-గాడు, గ్రూప్‌వైజ్, సేమ్‌టైమ్, సింపుల్ ముఖ్యమైనవి. డిస్కార్డ్, స్టీమ్ వంటి కొత్త సేవలకు బయటి కార్యకర్తలు వ్రాసిన ప్లగిన్‌లు లభిస్తాయి. వాటి నిర్వహణ బాధ్యత ప్రధాన ప్రాజెక్టుది కాదు.

2వ తరం అభివృద్ధి

2007 నుండి 2011 వరకు పిడ్జిన్ వేగంగా ఎదిగినది. 2008లో వచ్చిన 2.4 కూర్పులో సందేశం టైపు చేసే పెట్టె పరిమాణాన్ని వాడుకరి స్వయంగా మార్చుకొనే వీలును తొలగించి, దానంతట అదే పెరిగేటట్లు చేశారు. చిన్న మార్పే అయినను కొందరు వాడుకరులు తీవ్రంగా వ్యతిరేకించారు. ఫన్‌పిడ్జిన్ అనే చీలిక ఏర్పడి, తరువాత క్యారియర్ అని పేరు మార్చుకొన్నది. స్వేచ్ఛా సాఫ్టువేరులో నిర్ణయం నచ్చనివారు సోర్సుకోడు తీసుకొని వేరు దారిన పోవచ్చుననుటకు ఇది తరచు చెప్పుకొనే ఉదాహరణ. 2009 ఆగస్టులో 2.6 కూర్పుతో ఎక్స్‌ఎమ్‌పీపీ ద్వారా ధ్వని, దృశ్య సంభాషణ ప్రవేశించినది.

అదే సంవత్సరం ఉబుంటు 9.10, ఫెడోరా 12 కూర్పులలో అప్రమేయ సందేశ ప్రోగ్రాముగా పిడ్జిన్ స్థానంలో ఎంపతీని చేర్చారు. పిడ్జిన్‌ను వేరుగా స్థాపించుకొనే అవకాశం మిగిలినను, కొత్త వాడుకరుల దృష్టి నుండి అది కొంత తొలగినది.

2011 ఆగస్టులో 2.10 వచ్చిన తరువాత కొత్త సౌకర్యాల కృషి 3వ తరానికి మళ్ళినది. 2017లో 2.12, 2018లో 2.13, 2020లో 2.14 వెలువడినాయి. 2.12లో యాహూ, మైస్పేస్, ఎమ్‌ఎక్స్‌ఇట్ ప్లగిన్‌లను, ఫేస్‌బుక్ ఎక్స్‌ఎమ్‌పీపీ ఎంపికను తొలగించారు. ఆ ప్లగిన్‌లలో దోషం ఉండి కాదు, అవతలి వైపున సేవలే మూతపడడమో, మారిపోవడమో జరిగినది. 2.14.14 కూర్పు 2025 ఆరంభంలో వచ్చినది.

సేవల మూసివేత

పిడ్జిన్ ప్రాభవం తగ్గుటకు దాని సొంత లోపాల కంటె అది ఆధారపడిన సేవలు అంతరించుటయే పెద్ద కారణం. ఎమ్‌ఎస్‌ఎన్ మెసెంజరు వాడుకరులను మైక్రోసాఫ్టు 2013లో స్కైపుకు మళ్ళించినది. ఫేస్‌బుక్ తన ఎక్స్‌ఎమ్‌పీపీ ద్వారాన్ని 2015లో మూసినది. యాహూ 2016 ఆగస్టులో పాత ప్రోటోకాలును నిలిపి, 2018 జూలై 17న మెసెంజరునే ముగించినది. ఎయిమ్ 2017 డిసెంబరు 15న, ఐసీక్యూ 2024 జూన్ 26న ఆగిపోయాయి. 2005లో గూగుల్ టాక్ ఎక్స్‌ఎమ్‌పీపీ ఆధారంగా మొదలైనప్పుడు అందరికీ ఉమ్మడి ప్రోటోకాలు దొరికినదని ఆశ కలిగినది. 2013 నుండి గూగుల్ ఆ దారి వీడి, 2022లో పిడ్జిన్ వంటి బయటి ప్రోగ్రాములకు మిగిలిన అనుసంధానాన్ని కూడ తొలగించినది.

ఈ పరిస్థితిని చెరకు ప్రాంతపు అనుభవంతో పోల్చి అర్థం చేసుకొనవచ్చును. 1937లో స్థాపించబడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారంపై పరిసర గ్రామాల చెరకు సాగు ఆధారపడినది. 2002లో అధిక వాటా ప్రైవేటు యాజమాన్యానికి వెళ్ళి, 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడినప్పుడు రైతు పొలం, నీరు, నేర్పు అన్నీ ఉన్నవే, కాని చెరకు ఆడించే చోటు పోయినది. కోసిన చెరకు నిలువ ఉంటే బరువు, తీపి తగ్గుతాయి గనుక దూరపు కర్మాగారాలు వెతుక్కొనక తప్పలేదు. యాహూ ఖాతాపై ఆధారపడిన వాడుకరి స్థితి కూడ ఇటువంటిదే. పిడ్జిన్ అతని కంప్యూటరులో పదిలంగానే ఉన్నది, కాని సందేశం చేరవేసే సేవాకేంద్రం మరొకరి సొత్తు. వారు తలుపు మూస్తే ఏళ్ళ తరబడి కూర్చుకొన్న మిత్రుల జాబితా కూడ పోతుంది.

ఎక్స్‌ఎమ్‌పీపీ, ఐఆర్‌సీ వంటి బహిరంగ ప్రోటోకాళ్ళకు ఒకే యజమాని లేడు. ఒక సేవాకేంద్రం మూతపడితే మరొకటి నెలకొల్పుకొనవచ్చును. అందువలననే ఇవి నేటికీ పిడ్జిన్‌లో పనిచేస్తున్నాయి. 2022లో ఐరోపా సమాఖ్య ఆమోదించిన డిజిటల్ మార్కెట్ల చట్టం పెద్ద సందేశ సేవలు ఇతర సేవలతో అనుసంధానం కల్పించాలని నిర్దేశించడం ఇదే సమస్యకు చట్టం ద్వారా వెదకిన పరిష్కారం.

భద్రత

వాడుకరి కోరితే పిడ్జిన్ 2 అతని సంకేతపదాన్ని భద్రపరచుతుంది. అయితే దానిని మరుగుపరచక, ఖాతాల దస్త్రంలో చదువదగిన అక్షరాలలోనే ఉంచుతుంది. దీనిపై విమర్శలు వచ్చాయి. పెట్టెకు తాళం వేసి, తాళపుచెవిని అదే పెట్టెపై వ్రేలాడదీస్తే రక్షణ కలుగదని, పైగా రక్షణ ఉన్నదనే భ్రమ కలుగుతుందని కార్యకర్తల సమాధానం. కంప్యూటరు ఖాతాను కాపాడుకొనుట, లేదా సంకేతపదాన్ని భద్రపరచకుండుట ఉత్తమమని వారి సూచన. పలువురు వాడే కంప్యూటర్లపై ఈ జాగ్రత్త అత్యవసరం.

ఓటీఆర్ అనే ప్లగిన్ చేర్చుకొంటే సందేశాలు పంపినవారికి, అందుకొన్నవారికి తప్ప ఎవరికీ అర్థం కాకుండా గుప్తరూపంలో ప్రయాణిస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ప్రకటించిన భద్రతా పట్టికలో ఓటీఆర్‌తో కూడిన పిడ్జిన్ ఏడింటికి ఏడు అంశాలలోను ఉత్తీర్ణమైనది.

2024లో ఒక ఆందోళనకర ఘటన జరిగినది. తెరను పంచుకొనుటకని చెప్పబడిన ఒక బయటి ప్లగిన్ జూలైలో ప్రాజెక్టు జాబితాలో చేరినది. అది వాడుకరి నొక్కే మీటలను రహస్యంగా నమోదు చేయుచున్నదని తెలిసి ఆగస్టులో తొలగించారు. దాని సోర్సుకోడు బహిరంగపరచబడలేదు, అందుచేత లోపల ఏమున్నదో చూచే అవకాశం ఎవరికీ లేకపోయినది. ఆపైన, గుర్తింపు పొందిన స్వేచ్ఛా లైసెన్సు కలిగి, సోర్సుకోడు బహిరంగపరచిన ప్లగిన్‌లను మాత్రమే జాబితాలో చేర్చాలని నియమం పెట్టారు.

3వ తరం అభివృద్ధి

పిడ్జిన్ 3 కృషి 2010 దశకపు తొలి సంవత్సరాల నుండి సాగుతున్నది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ పథకం క్రింద విద్యార్థులు కూడ ఇందులో పాల్గొన్నారు. ఇటీవలి కాలంలో గ్యారీ క్రామ్లిచ్ ప్రధాన అభివృద్ధికారుడు. ఈ తరంలోని ముఖ్యమైన మార్పులు:

* లిబ్‌పర్పుల్ లోపలి నిర్మాణాన్ని జీఆబ్జెక్ట్ పద్ధతికి మార్చుట.
* పై పొరను జీటీకే 2 నుండి మొదట జీటీకే 3కు, అనంతరం జీటీకే 4కు మార్చుట.
* సంకేతపదాలను కంప్యూటరు వ్యవస్థ అందించే సురక్షిత భాండాగారాలలో దాచుట.
* సంభాషణల చరిత్రను ఎస్‌క్యూలైట్ దత్తాంశనిధిలో భద్రపరచుట.
* ఐఆర్‌సీ కొరకు ఐబిస్, ఎక్స్‌ఎమ్‌పీపీ కొరకు జీమ్ అనే కొత్త లైబ్రరీలను వ్రాయుట.

ఆలస్యానికి కారణాలు స్పష్టమే. పనిచేసేవారు కొద్దిమంది, అదియును తీరిక వేళలలో. జీటీకే 3కు మార్చే పని జరుగుచుండగానే 2020 డిసెంబరులో జీటీకే 4 వచ్చినది, చేసిన పనిలో కొంత మరల చేయవలసినది. అదే సమయంలో జీటీకే 2కు నిర్వహణ ముగిసినందున పిడ్జిన్ 2 ఆధారమే పాతబడినది. కదులుచున్న బండికి చక్రాలు మార్చుట వంటిది ఈ పని. సోర్సుకోడును ఉంచే చోటు కూడ పలుమార్లు మారినది: సీవీఎస్, సబ్‌వర్షన్, మోనోటోన్, చివరికి మెర్క్యురియల్. మెర్క్యురియల్‌కు బిట్‌బకెట్ 2020లో స్వస్తి చెప్పినప్పుడు ప్రాజెక్టు తన సొంత సేవాకేంద్రానికి తరలినది.

2024 చివరలో 2.90 సంఖ్యతో తొలి ప్రయోగాత్మక కూర్పు వెలువడినది. 2025లో తదుపరి ప్రయోగాత్మక కూర్పులు వచ్చాయి. ఇవి పరీక్షించుటకే గాని నిత్య వాడకానికి ఉద్దేశించినవి కావు.

తెలుగులో పిడ్జిన్

పిడ్జిన్ అంతర్గతంగా యూనీకోడ్‌ను వాడుతుంది. కనుక కంప్యూటరులో తెలుగు ఖతి, టైపు చేసే సాధనం ఉంటే తెలుగు లిపిలో సందేశాలు పంపవచ్చును. లినక్సులో అక్షరాలను గుణింతాలతో, ఒత్తులతో సరిగా కూర్చే పని పాంగో అనే లైబ్రరీ చేస్తుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి వచ్చినది, కాని భారతీయ లిపుల అమరికను వాడుకరి ప్రత్యేకంగా ఎంచుకొనవలసి వచ్చేది.

2005లో భారత ప్రభుత్వ సమాచార సాంకేతిక శాఖ, సీడాక్ కలిసి వివిధ భారతీయ భాషలలో ఉచిత సాఫ్టువేరు సీడీలను విడుదల చేశాయి. తమిళం, హిందీల తరువాత తెలుగు సీడీ వెలువడినది. భారతీయ ఓపెన్ ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులతో పాటు స్థానికీకరించిన బహుళ ప్రోటోకాల్ మెసెంజరు కూడ ఈ సీడీలలో భాగం. ఆ మెసెంజరు గెయిమే. గెయిమ్ తెలుగు అనువాదం సీడాక్ ద్వారానే ప్రాజెక్టుకు అందినది.

అనువాద విధానం సరళమైనది. ప్రోగ్రాములో కనిపించే ప్రతి ఆంగ్ల వాక్యం ఒక దస్త్రంలో వరుసగా ఉంటుంది, దాని క్రింద తెలుగు వాక్యం వ్రాయాలి. తెలుగు లేని చోట ప్రోగ్రాము ఆంగ్లాన్నే చూపుతుంది. కొత్త కూర్పులో వాక్యాలు మారితే పాత అనువాదం ఆ మేరకు చెల్లదు. అందుచేత అనువాదం ఒకసారి చేసి ముగించే పని కాదు. పిడ్జిన్ 3 తెరలు చాలవరకు కొత్తవి గనుక అందులో తెలుగు ఎంతమేరకు కనిపించునన్నది తెలుగు కార్యకర్తల శ్రమపై ఆధారపడి ఉన్నది. ప్రోగ్రాములు వ్రాయుట రాకున్నను భాష బాగుగా తెలిసిన విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ పనిలో పాల్గొనవచ్చును.

నిజామాబాదు ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు అధికం. 2000-2010 మధ్య కాలంలో, అంతర్జాతీయ ఫోను పిలుపులు ఖరీదైనప్పుడు, పట్టణాలలోని నెట్ సెంటర్లలో యాహూ మెసెంజరు వంటి సేవల ద్వారా కుటుంబాలు మాట్లాడుకొనేవి. తెలుగు టైపు సౌకర్యం అన్ని చోట్ల లేక చాలమంది తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాలలో వ్రాసేవారు. చవకైన స్మార్ట్‌ఫోన్లు, వాట్సాప్ వచ్చిన పిమ్మట ఈ అలవాటు ఫోనులోకి మారినది. పిడ్జిన్ కంప్యూటరుకే పరిమితమైనందున ఆ మార్పులో భాగం కాలేకపోయినది.

ముఖ్య ఘట్టాలు

* 1998 – గెయిమ్ ఆరంభం
* 2005 – తెలుగు ఉచిత సాఫ్టువేరు సీడీ విడుదల
* 2007 – పిడ్జిన్‌గా నామాంతరం, 2.0.0 విడుదల
* 2009 – 2.6 కూర్పులో ధ్వని, దృశ్య సంభాషణ
* 2017 – 2.12 కూర్పులో యాహూ ప్లగిన్ తొలగింపు
* 2020 – 2.14 విడుదల
* 2024 – హానికర ప్లగిన్ తొలగింపు. 3వ తరపు తొలి ప్రయోగాత్మక కూర్పు

ఇవి కూడా చూడండి

* స్వేచ్ఛా సాఫ్టువేరు
* యూనీకోడ్
* ఎక్స్‌ఎమ్‌పీపీ
* నిజాం చక్కెర కర్మాగారం